నీటి ఎద్దడిలో ఆకుకూరలు: మొక్క బతికినా పంట ఎందుకు తగ్గుతుంది?

తోటకూర మడికి వారం రోజులు నీరందకపోయినా మొక్కలు చనిపోకపోవచ్చు. దూరం నుంచి చూస్తే మడి పచ్చగానే కనిపించవచ్చు. అయినా ఆ వారంలోనే రైతుకు రావలసిన రాబడిలో కొంత భాగం తిరిగి రాకుండా పోతుంది. ఆకు చిన్నదవుతుంది, మందమవుతుంది, కాడ పీచు పడుతుంది, కొన్నిసార్లు మొక్క ముందుగానే పూతకు వస్తుంది. మళ్లీ తడి ఇస్తే కొత్త చిగుర్లు వస్తాయి కానీ, ముదిరిన ఆకు తిరిగి లేతది కాదు.

వరి, జొన్న, శనగ వంటి పంటలకూ ఆకుకూరలకూ ఉన్న ప్రధానమైన తేడా ఇదే. గింజ పంటలో ఆకు ఆహారాన్ని తయారు చేసే అవయవం మాత్రమే, రైతు ఇంటికి చేరేది గింజ. ఆకుకూరలో ఆహారం తయారు చేసేదీ, బజారులో అమ్ముడయ్యేదీ ఒకటే. మొక్క తన నీటిని కాపాడుకోవడానికి మొట్టమొదట తగ్గించుకునేది ఆకునే. కాబట్టి మొక్క తన ప్రాణం కోసం చేసుకునే ప్రతి సర్దుబాటూ రైతు కట్టే కట్టలో, వినియోగదారుడి పళ్లెంలో కనిపిస్తుంది. బెట్టకు ఆకుకూరలు ఎలా స్పందిస్తాయి, ఏ కూర ఎంతవరకు ఓర్చుకుంటుంది, పోషకాలు ఎలా మారతాయి, సాగులో ఏ జాగ్రత్తలు పనికొస్తాయి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కరవు లెక్క వేరు, మడి లెక్క వేరు

భారత వాతావరణ విభాగం లెక్కల ప్రకారం ఒక ప్రాంతంలో వర్షపాతం సాధారణం కంటే 26 నుంచి 50 శాతం తగ్గితే అది మధ్యస్థ కరవు, 50 శాతానికి మించి తగ్గితే తీవ్ర కరవు. ఈ కొలమానం ఒక సీజను మొత్తానికి వర్తిస్తుంది. విత్తిన 25 నుంచి 30 రోజుల్లో కోతకు వచ్చే ఆకుకూరకు మాత్రం కరవు రోజుల్లో వస్తుంది. వర్షపాతం సాధారణంగా నమోదైన సంవత్సరంలోనూ, రెండు వానల మధ్య వచ్చే పది రోజుల విరామం ఆకుకూర మడిని దెబ్బతీయగలదు.

ఇందుకు ముఖ్య కారణం వేరు లోతు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన 56వ సాగునీటి పత్రం వివిధ పంటల నీటి అవసరాలకు నేటికీ ప్రామాణికంగా ఉంది. అందులో స్పినాచ్ వేర్లు చురుగ్గా పనిచేసే లోతును 0.3 నుంచి 0.5 మీటర్లుగా, జొన్నకు 1 నుంచి 2 మీటర్లుగా పేర్కొన్నారు. వేర్లకు అందే నీటిలో ఎంత భాగం ఖర్చయ్యేదాకా మొక్క ఎద్దడికి గురికాకుండా ఉంటుందో కూడా ఆ పత్రం చెబుతుంది. ఆ హద్దు పత్తికి 65 శాతం, జొన్నకు 55 శాతం, లెట్యూస్‌కు 30 శాతం. స్పినాచ్‌కు 20 శాతం మాత్రమే.

ఈ అంకెల అర్థం ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. మీటరు లోతున 150 మిల్లీమీటర్ల నీటిని మొక్కకు అందించగల మధ్యరకం నేలను, రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఖర్చయ్యే వాతావరణాన్ని తీసుకుందాం. వేర్లు 30 సెంటీమీటర్ల లోతుకు దిగిన స్పినాచ్‌కు మొత్తం 45 మిల్లీమీటర్ల నీరు అందుబాటులో ఉంటుంది. అందులో 20 శాతం, అంటే 9 మిల్లీమీటర్లు, రెండు రోజుల్లోపే ఖర్చవుతాయి. అదే నేలలో ఒకటిన్నర మీటర్ల లోతుకు వేళ్లూనిన జొన్నకు 225 మిల్లీమీటర్లు అందుతాయి. అందులో 55 శాతం ఖర్చు కావడానికి దాదాపు 25 రోజులు పడుతుంది. పక్కపక్క చేలలో ఒక పంటకు ఇంకా తడి మిగిలి ఉండగానే మరొక పంటకు బెట్ట మొదలవుతుంది.

ఇక్కడ పేర్ల విషయంలో ఒక వివరణ అవసరం. తెలుగులో పాలకూర అని పిలిచే మొక్క, ఆంగ్లంలో స్పినాచ్ అనే మొక్క ఒకటి కావు. మన బజార్లలో ఎక్కువగా కనిపించే పాలకూర బీట్‌రూట్ జాతికి చెందినది. దాని శాస్త్రీయ నామం బీటా వల్గారిస్. స్పినాచ్ శాస్త్రీయ నామం స్పినేసియా ఒలరేసియా. అయితే ఈ రెండూ, తోటకూరతో సహా, అమరాంథేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఆకుల్లో నీటి వాటా విషయంలోనూ ఇవి దగ్గరి చుట్టాలే. తాజా పాలకూర తూకంలో దాదాపు 90 శాతం నీరే ఉంటుంది.

వేరు పంపే కబురు

వేర్లు పీల్చుకున్న నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల ద్వారా ఆవిరైపోతుంది. మిగిలిన కొద్ది భాగమే మొక్క శరీరంలో నిలుస్తుంది. ఇది వృథా కాదు. ఆకు అడుగున, పైన ఉండే పత్రరంధ్రాలు తెరుచుకుంటేనే కార్బన్ డై ఆక్సైడ్ లోపలికి వస్తుంది. అవి తెరుచుకున్నంతసేపూ నీరు బయటికి పోతుంది. ఆ ఆవిరితోపాటే ఆకులోని వేడి కూడా తగ్గుతుంది.

నేల ఆరడం మొదలైనప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. 1960ల్లో గుర్తించిన ఈ హార్మోను వేర్లలోనూ ఆకుల్లోనూ తయారై, పత్రరంధ్రాలకు ఇరువైపులా ఉండే రక్షక కణాలను చేరుతుంది. ఆ కణాల్లో దీన్ని గుర్తించి అందుకునే ప్రొటీన్లు ఏవో 2009లో శాస్త్రవేత్తలకు స్పష్టమైంది. హార్మోను అందిన రక్షక కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ వంటి అయాన్లు బయటికి వెళ్లిపోతాయి. వాటి వెంట నీరూ వెళుతుంది. బిగువు తగ్గిన కణాలు వాలిపోయి రంధ్రం మూసుకుంటుంది.

దీనివల్ల నీరు ఆదా అవుతుంది. ఆ ఆదాకు మొక్క రెండు విధాలుగా మూల్యం చెల్లిస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ రాక తగ్గి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ఆవిరి ఆగిపోవడంతో ఆకు వేడెక్కుతుంది. వడగాలుల రోజుల్లో నీటి ఎద్దడి, అధిక ఉష్ణోగ్రత కలిసి వచ్చినప్పుడు నష్టం ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. వాడుకలోకి రాని సూర్యకాంతి ఆకులో చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. అవి కణ పొరలనూ పత్రహరితాన్నీ దెబ్బతీస్తాయి. ఆకు అంచులు పసుపు రంగుకు తిరగడం ఈ దశలోనే కనిపిస్తుంది.

ముందు ఆగేది ఎదుగుదల

ఆకు వాడినప్పుడే బెట్ట మొదలైందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అప్పటికే ఆలస్యమైనట్లు లెక్క. అమెరికా శాస్త్రవేత్త థియొడోర్ షియావో 1973లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఈ క్రమాన్ని స్పష్టంగా వివరించింది. నీటి ఎద్దడికి అన్నిటికంటే ముందు స్పందించేది కణాల సాగుదల. పత్రరంధ్రాలు మూసుకోవడం, కిరణజన్య సంయోగక్రియ తగ్గడం ఆ తర్వాతి దశలు.

ఆకు పెద్దదవడానికి కణాలు నీటిని నింపుకొని లోపలి ఒత్తిడితో తమ గోడలను సాగదీసుకోవాలి. ఆ ఒత్తిడి కొద్దిగా తగ్గినా సాగుదల నెమ్మదిస్తుంది. ఆ సమయంలో కణం గోడలు గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడిన గోడ, తర్వాత ఎంత నీరిచ్చినా మునుపటిలా సాగదు. చిన్న కణాలతో, మందమైన గోడలతో ఏర్పడిన ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. చూడటానికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ విస్తీర్ణం తక్కువ, పీచు ఎక్కువ.

గింజ పంటలో ఇలా ఎదుగుదల కొద్ది రోజులు ఆగినా, పూత, గింజ పట్టే దశల్లో నీరందితే దిగుబడి చాలావరకు నిలబడవచ్చు. నెల రోజుల్లో ముగిసే ఆకుకూరకు అటువంటి గడువు లేదు. దాని జీవితంలో ఐదు రోజులంటే ఆరో వంతు.

మొక్క ముందున్న మూడు దారులు

బెట్టను ఎదుర్కొనే పద్ధతులను వృక్ష శరీరధర్మ శాస్త్రం మూడు రకాలుగా చూస్తుంది: తప్పించుకోవడం, నీరు తగ్గకుండా చూసుకోవడం, తగ్గినా ఓర్చుకోవడం.

మొదటిది తప్పించుకోవడం. నీరు పూర్తిగా అయిపోకముందే పూత పూసి, విత్తనం వేసి, తన తరాన్ని ముగించుకోవడం ఈ పద్ధతి. గింజ పంటల్లో ఇది మేలైన గుణం. స్వల్పకాలిక రకాలను రూపొందించడంలో శాస్త్రవేత్తలు దీన్నే వాడుకుంటారు. ఆకుకూరలో ఇదే గుణం నష్టదాయకం. వేసవిలో కొత్తిమీర త్వరగా కాడ వేసి పూతకు రావడం రైతులందరికీ తెలిసినదే. వేడి, పగటి సమయం పెరగడం, నీటి ఎద్దడి కలిసి ఆ మార్పును తొందరపెడతాయి. పూత కాడ లేచిన మొక్కలో ఆకులు సన్నబడతాయి. కట్టకు పనికిరావు.

రెండోది నీరు తగ్గకుండా చూసుకోవడం. పత్రరంధ్రాలు మూయడం, ఆకులు వాల్చి ఎండను తప్పించుకోవడం, కొత్త ఆకులను చిన్నవిగా వేయడం, పాత ఆకులను రాల్చడం, ఆహారాన్ని ఆకుల కంటే వేర్లకు ఎక్కువగా పంపడం ఇందులోకి వస్తాయి. మునగ చెట్టు తీవ్రమైన బెట్టలో ఆకులు రాల్చి కాండంతో నిలబడుతుంది. చెట్టుకు ఇది క్షేమం. మునగాకు కోసం తోట వేసిన రైతుకు మాత్రం ఆ వారాల్లో కోత ఉండదు.

మూడోది ఓర్చుకోవడం. కణాల్లో కొన్ని ద్రావ్య పదార్థాలను పోగుచేసుకుని, నీరు బయటికి పోకుండా పట్టి ఉంచడం ఈ పద్ధతి. వాటిలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ముఖ్యమైనది. వాడిన రై గడ్డిలో అది పోగవుతున్నట్లు 1954లో తొలిసారి గమనించారు. మరొకటి గ్లైసీన్ బీటైన్. 19వ శతాబ్దంలో చక్కెర బీటు రసంలో కనుగొన్నందువల్ల బీటు జాతి పేరుమీదుగా దానికి ఆ పేరు వచ్చింది. పాలకూర, స్పినాచ్, తోటకూర ఉన్న కుటుంబం ఈ పదార్థాన్ని తయారు చేసుకోవడంలో పేరుపొందింది. వీటి అడవి బంధువుల్లో కొన్ని సముద్ర తీరాల్లోని ఉప్పు నేలల్లో పెరుగుతాయి. ఈ గుణం వల్ల మొక్క ప్రాణం నిలుస్తుంది. అయితే ఈ పదార్థాల తయారీకి వెచ్చించిన కార్బన్, నత్రజని కొత్త ఆకుల పెరుగుదలకు అందవు.

మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా ఆకులో కొంత కోల్పోక తప్పదు. అందువల్ల ఆకుకూరల విషయంలో ‘బెట్టను తట్టుకునే పంట’ అన్న మాటను జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. మొక్క చావకపోవడం ఒక సంగతి. తినదగిన ఆకు ఇస్తూ ఉండటం మరొక సంగతి.

ఒక్కో కూరది ఒక్కో తీరు

కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టుకునే విధానంలో ఆకుకూరల మధ్య పెద్ద తేడాలున్నాయి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, గోంగూర సీ3 విధానాన్ని అనుసరిస్తాయి. తోటకూర సీ4 విధానానికి చెందినది. ఆస్ట్రేలియాలో హాల్ హాచ్, రోజర్ స్లాక్ 1966లో చెరకు ఆకులపై చేసిన పరిశోధనతో వెలుగులోకి వచ్చిన ఈ విధానం మొక్కజొన్న, జొన్న, సజ్జల్లోనూ ఉంది. సీ4 మొక్కలు కార్బన్ డై ఆక్సైడ్‌ను ముందుగా ఒక రకం కణాల్లో పట్టి, లోపలి కణాల్లో గాఢంగా విడుదల చేస్తాయి. అందువల్ల పత్రరంధ్రాలు కొద్దిగా తెరిచినా పని జరుగుతుంది. ఒక కార్బన్ డై ఆక్సైడ్ అణువును స్థిరీకరించడానికి సీ3 మొక్క సుమారు 400 నీటి అణువులను కోల్పోతే, సీ4 మొక్క సుమారు 150 కోల్పోతుంది.

ఈ విధానం పేరు తెలియకముందే దాని ఫలితాన్ని కొందరు కొలిచారు. 20వ శతాబ్దం రెండో దశకంలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఏక్రన్‌లో బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రవేత్తలు వివిధ మొక్కలు ఎంత నీటితో ఎంత పదార్థాన్ని తయారు చేస్తాయో తూచి చూశారు. తోటకూర జాతికే చెందిన ఒక కలుపు మొక్క, లూసర్న్ పశుగ్రాసానికి అవసరమైన నీటిలో దాదాపు మూడో వంతుతోనే అంతే బరువు పెరిగింది.

తోటకూరకు వేసవి పంటగా ఆదరణ ఉండటానికి ఇది ఒక ఆధారం. అయితే నీటిని పొదుపుగా వాడే మొక్క అంటే నీరు లేకుండా పెరిగే మొక్క అని అర్థం కాదు. నారుగా ఉన్న మొదటి రెండు వారాల్లో తోటకూర వేర్లు పైపొరల్లోనే ఉంటాయి. ఆ దశలో దానికీ పాలకూరకూ పెద్ద తేడా ఉండదు.

గోంగూర సీ3 మొక్క అయినా, లోతుకు దిగే తల్లివేరు దానికి అండ. మెట్ట చేలలో వర్షాధారంగా, ఇతర పంటల మధ్య సాళ్లలోనూ గట్ల వెంబడీ దాన్ని వేయడం తెలుగు ప్రాంతాల్లో పాత ఆనవాయితీ. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం ప్రాంతంలో కూడా ఇది వర్షాధారంగా నిలదొక్కుకుంటుంది. పొన్నగంటి కూర ఇందుకు విరుద్ధం. కాలువ గట్లు, చెరువు అంచులు దాని సహజ స్థానాలు. తడి ఆరితే అది వెనుకబడుతుంది.

అన్నిటిలో విలక్షణమైనది గంగపాయల కూర. తెలంగాణలో గంగవాయిలి కూరగా, మరికొన్ని చోట్ల పాయలకూరగా పిలిచే ఈ మొక్క చేలలో కలుపుగా మొలుస్తుంది. దాని దళసరి ఆకుల్లో, కాడల్లో నీరు నిల్వ ఉంటుంది. మామూలు రోజుల్లో ఇది సీ4 విధానంలో పనిచేస్తుంది. నీరు తగ్గినప్పుడు దానికి తోడు, బ్రహ్మజెముడు వంటి ఎడారి మొక్కల్లో కనిపించే క్యామ్ విధానాన్నీ వాడుకుంటుంది. అంటే రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడ్‌ను ఆమ్ల రూపంలో దాచుకుని, పగలు రంధ్రాలు మూసి దాన్ని వినియోగిస్తుంది. ఈ రెండు విధానాలూ ఒకే కణాల్లో కలిసి పనిచేస్తున్నట్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెల్లడించారు. కలుపుగా పీకి గట్టున పడేసినా ఈ మొక్క రోజుల తరబడి వాడకపోవడం రైతులకు అనుభవంలో ఉన్న విషయమే.

పోషకాలు: పెరిగేవి, పెరగకూడనివి

మితమైన బెట్టలో పెరిగిన ఆకులో కొన్ని పోషకాల గాఢత పెరగడం పలు ప్రయోగాల్లో కనిపించింది. బంగ్లాదేశ్ శాస్త్రవేత్త ఉమాకాంత సర్కార్, జపాన్‌లోని గిఫు విశ్వవిద్యాలయానికి చెందిన షిన్యా ఓబా 2018లో ప్రచురించిన అధ్యయనం వీటిలో ఒకటి. అమరాంథస్ ట్రైకలర్ అనే తోటకూర రకాలకు నీరు తగ్గించినప్పుడు ఆకుల్లో విటమిన్ సి, ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు, యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం పెరిగినట్లు వారు గమనించారు. చురుకైన ఆక్సిజన్ రూపాల నుంచి తనను కాపాడుకోవడానికి మొక్క తయారు చేసుకునే పదార్థాలే ఇవి. అవి మనిషికీ మేలు చేస్తాయి.

ఈ ఫలితాన్ని చదివేటప్పుడు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. గాఢత అంటే గ్రాము ఆకులో ఉన్న పోషకం. దిగుబడి అంటే మడి మొత్తం ఇచ్చిన ఆకు. ఆకులో నీరు తగ్గితే మిగిలిన పదార్థాల వాటా దానంతటదే పెరుగుతుంది. గ్రాములో విటమిన్ పెరిగినా, మడి నుంచి వచ్చే ఆకు అంతకంటే ఎక్కువగా తగ్గితే, ఆ మడి సమాజానికి అందించే మొత్తం పోషకం తగ్గినట్లే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తీసుకోవాలని సూచిస్తున్నాయి. వేసవిలో కట్ట చిన్నదై ధర పెరిగినప్పుడు ఈ పరిమాణానికి దూరమయ్యేది ముందుగా తక్కువ ఆదాయ కుటుంబాలే.

మరోవైపు నైట్రేట్ల విషయంలో జాగ్రత్త అవసరం. నేల నుంచి తీసుకున్న నైట్రేట్‌ను ప్రొటీన్‌గా మార్చే క్రమంలో నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైము తొలి అడుగు వేస్తుంది. బెట్టలో దాని చురుకుదనం తగ్గుతుంది. ఫలితంగా నైట్రేట్ మారకుండా కాడల్లో, ఆకు తొడిమల్లో మిగిలిపోతుంది. బెట్ట తర్వాత హఠాత్తుగా వాన పడినప్పుడు వేర్లు ఎక్కువ నైట్రేట్‌ను పీల్చుకోవడంతో కొద్ది రోజులపాటు ఈ సమస్య పెరుగుతుంది. బెట్టకు గురైన పశుగ్రాసం, అడవి తోటకూర మేసిన పశువుల్లో నైట్రేట్ విషప్రభావం కనిపించడానికి కారణం ఇదే. మనుషుల్లో ప్రధానంగా పసిపిల్లల విషయంలో జాగ్రత్త చెబుతారు. ఐరోపా సమాఖ్య తాజా స్పినాచ్‌లో నైట్రేట్ కిలోకు 3500 మిల్లీగ్రాములు మించరాదని పరిమితి విధించింది.

ఇందుకు భయపడి ఆకుకూరలు మానవలసిన పని లేదు. ముదురు కాడలు తీసివేయడం, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయడం వల్ల నైట్రేట్లు, నీటిలో కరిగే ఆక్సలేట్లు తగ్గుతాయి. అయితే విటమిన్ సి, ఫోలేట్ కూడా కొంత ఆ నీటితోనే పోతాయి. తోటకూర, పాలకూరల్లో సహజంగానే ఎక్కువగా ఉండే ఆక్సలేట్లు శరీరానికి కాల్షియం అందకుండా చేస్తాయి. బెట్టలో వాటి మార్పు మొక్క జాతినిబట్టి మారుతుంది.

మంచినీరు లేనప్పుడు మురుగునీరు

రెండు రోజులకోసారి తడి కోరే పంటకు బోరు ఎండిపోతే మరో నీటి ఆధారం కావాలి. నగరాల శివార్లలో ఏడాది పొడవునా దొరికేది మురుగునీరే. హైదరాబాద్ దిగువన మూసీ నది వెంట ఆ నీటితో పశుగ్రాసం, వరితో పాటు ఆకుకూరలు పండుతున్న తీరుపై అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పలు అధ్యయనాలు చేసింది. ఢిల్లీలో యమునా వరద మైదానంలో తినదగిన పంటలు పండించరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 జనవరిలో ఆదేశించింది.

కాడ్మియం, సీసం వంటి భార లోహాలను ఆకుకూరలు మిగతా కూరగాయల కంటే ఎక్కువగా ఆకుల్లో పోగుచేసుకుంటాయి. వేరు నుంచి వచ్చిన నీరంతా ఆకు దగ్గరే ఆవిరై, నీటితో వచ్చిన పదార్థాలు అక్కడే మిగిలిపోవడం ఇందుకు ఒక కారణం. మురుగునీరు నేరుగా ఆకును తాకడం వల్ల రోగకారక సూక్ష్మజీవుల ప్రమాదమూ ఉంటుంది. అందువల్ల నీటి ఎద్దడి ఆకుకూరల పరిమాణానికి సంబంధించిన సమస్యగానే మిగలదు. అది ఆహార భద్రత, ప్రజారోగ్యం రెండింటికీ సంబంధించిన ప్రశ్న. శివారు రైతుకు శుద్ధి చేసిన నీరు చేరితే ఈ రెండు సమస్యలూ ఒకేసారి తగ్గుతాయి.

మడిలో చేయదగిన పనులు

ఆకుకూరల వేరు లోతు, నీటి హద్దు తెలిస్తే సాగులో పాటించవలసిన సూత్రం దానంతటదే తేలుతుంది: ఒకేసారి ఎక్కువ నీరు కాదు, తక్కువ నీరు తరచుగా. వేర్లు 30 సెంటీమీటర్ల లోతులో ఉన్నప్పుడు అంతకంటే కిందికి దిగిన నీరు పంటకు అందదు. డ్రిప్, సూక్ష్మ తుంపర పద్ధతులు ఇందుకు అనువైనవి. ఉదయం పూట లేదా సాయంత్రం తడి ఇస్తే ఆవిరి నష్టం తగ్గుతుంది.

బాగా మాగిన పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపిన మడి నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. తేలిక ఎర్ర నేలల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సాళ్ల మధ్య వరిగడ్డి లేదా ఎండుటాకులు పరిస్తే నేల పైపొర త్వరగా ఆరదు. వేసవిలో కొత్తిమీర, పాలకూరలకు షేడ్‌నెట్ నీడ వల్ల ఆకు వేడి తగ్గి, పూత ఆలస్యమవుతుంది. అయితే మరీ చిక్కటి నీడ నైట్రేట్ పోగవడానికి దోహదం చేస్తుంది.

ఎండిన మడిలో యూరియా చల్లడం మంచిది కాదు. తడి లేని నేలలో ఎరువు గాఢమై వేర్లను దెబ్బతీస్తుంది. తర్వాత నీరందినప్పుడు ఆకుల్లో నైట్రేట్ పెరుగుతుంది. ఎరువును చిన్న మోతాదుల్లో, తడి ఉన్నప్పుడే వేయాలి. బెట్ట విరిగిన వెంటనే కోయకుండా కొద్ది రోజులు ఆగడం మేలు.

పంట ఎంపిక కూడా నీటి యాజమాన్యంలో భాగమే. చలికాలానికి పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ఎండాకాలానికి తోటకూర, గోంగూర, గంగపాయల అన్న విభజనకు శాస్త్రీయ ఆధారం ఉంది. పలుమార్లు కోయదగిన రకాలు వేస్తే, బెట్టలో ఒక కోత దెబ్బతిన్నా, నీరందాక పక్క చిగుర్లతో తర్వాతి కోత తీసుకోవచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ‘అర్క సుగుణ’ తోటకూర, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ‘సీఓ 3’ తోటకూర ఇటువంటివే. బెట్ట మొదలవుతున్న సూచనలు ఉంటే ఆకు ముదరకముందే ఒక కోత కోయడం వల్ల మొక్కపై ఆవిరి భారం తగ్గుతుంది. చేతికి కొంత పంట కూడా వస్తుంది.

కొలిచే తీరు మారాలి

ప్రకృతి వైపరీత్యాల సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం లేదా అంతకుమించి పంట నష్టపోయిన రైతుకు పెట్టుబడి సహాయం లభిస్తుంది. 2015కు ముందు ఈ హద్దు 50 శాతంగా ఉండేది. గింజ పంటల్లో ఎండిన కంకి, రాలిన పూత కంటికి కనిపిస్తాయి. ఆకుకూరల్లో నష్టం చాలావరకు పచ్చగానే ఉంటుంది. చిన్నదైన ఆకు, పీచు పడిన కాడ, ముందుగా లేచిన పూత, బజారులో తిరస్కరించిన కట్ట రూపంలో అది ఉంటుంది. పైగా పంట నెల రోజుల్లో ముగుస్తుంది. పరిశీలన కొంత ఆలస్యమైనా మడిలో చూడటానికి ఏమీ మిగలదు.

రకాల ఎంపికలోనూ ఇదే వర్తిస్తుంది. బెట్టలో ఎన్ని మొక్కలు బతికాయన్నది ఆకుకూరల విషయంలో సరిపోయే కొలమానం కాదు. నీరు తగ్గిన రోజుల్లో ఆకు ఎంత విస్తీర్ణానికి పెరిగింది, పూత ఎన్ని రోజులు ఆలస్యమైంది, నీరందాక కొత్త చిగురు ఎంత త్వరగా వచ్చింది, ఆకులో నైట్రేట్ ఎంత ఉంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికితేనే ఒక రకం బెట్టను తట్టుకుంటుందో లేదో చెప్పగలం. వేసవి పొడవునా ఆకుకూర పళ్లెంలో ఉండాలంటే, మొక్క ప్రాణంతో పాటు దాని లేతదనాన్నీ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.